సారు నమ్మిన మానవవాదం

మా ఊళ్లో ఆయన్ని అందరూ సారు అనే పిలిచేవాళ్లు. కడపలో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరై, భార్యను వెంటబెట్టుకుని సొంతూరికి తిరిగొచ్చిన మనిషి. కోడుమూరు దాటి, తారురోడ్డు దిగి, మట్టిదారి పట్టుకుని కొంత దూరం పోతే మా ఊరు. సారు వాళ్లది ఊళ్లో పేరున్న రైతు కుటుంబం. పెద్ద వీధిలో మిద్దె, వాగు పక్కన నల్లరేగడి చేను, చేనులో ఒక బోరు. మాది ఊరికి అవతల, రాతిగుట్ట మీద ఉన్న గేరి. పెద్ద వీధి వాళ్లు మమ్మల్ని ఉంచిన పేటకు మా వైపు ఆ పేరు. అందరం క్రైస్తవులం. మా తాతల నాటి రాతి చర్చి గేరి మధ్యలో ఉంటుంది. నాయన కాస్త మెట్టచేను చేసుకుంటూ ఆ చర్చికి సంఘపెద్దగా ఉండేవాడు.

సారు ఊరికొచ్చిన కొత్తలో ఆదివారం సాయంత్రాలు బడి వసారాలో కూర్చుని మాట్లాడేవారు. విషయం ఎప్పుడూ ఒకటే, ఏకాత్మ మానవవాదం. ఆ పేరు వినగానే కొంతమంది లేచిపోయేవాళ్లు. మిగిలినవాళ్లలో చాలామంది వసారాలో గాలి బాగా వస్తుందని కూర్చునేవాళ్లు. నాయన మాత్రం వినడానికే పోయేవాడు. పొద్దున చర్చిలో ఒక ప్రసంగం, సాయంత్రం బడిలో ఇంకో ప్రసంగం, ఇంట్లో నా మాట ఎప్పుడు వింటావని అమ్మ విసుక్కునేది.

నేనప్పుడు కర్నూలులో రాజనీతిశాస్త్రం ఎం.ఏ. చదువుతున్నాను. హాస్టల్లో స్నేహితురాళ్లమంతా వర్గపోరాటం గురించి అన్నం చల్లారిపోయేదాకా మాట్లాడుకునే రోజులవి. సెలవులకు ఇంటికొచ్చి, సారుతో వాదించాలనే ఉద్దేశంతోనే నాయన వెంట ఒకసారి బడికి పోయాను.

సారు పెద్దగా గొంతు పెంచేవారు కాదు. తెల్ల పంచె, మోచేతుల దాకా మడిచిన చొక్కా. పుస్తకం చేతిలో ఉన్నా తెరిచేవారు కాదు.

"మనిషికి ఉండేది కడుపొక్కటే కాదప్పా. ఒళ్లుండాది, మనసుండాది, బుద్ధుండాది, ఆత్మ ఉండాది. ఒకడు కూడు పెడతానంటాడు, మనసు సంగతి అడగడు. ఇంకొకడు నీ ఇష్టమొచ్చింది సంపాదించుకో అంటాడు, పక్కింటోడు ఏమైనాడో చూడడు. బయటినుంచి తెచ్చుకున్న కొలతలతో మనల్ని మనం కొలుచుకుంటాండాం. నాలుగూ కలిస్తేనే మనిషి. అట్లాంటి మనుషులు కలిస్తే ఊరు. ఊరు కూడా ఒక ఒళ్లు లాంటిదే. దానికీ ఒక ఆత్మ ఉంటాది."

నేను లేచి నిలబడ్డాను. "సార్, ఊరు ఒక ఒళ్లయితే అందులో మా గేరి ఏది? కాలా?"

నాయన నా చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు. సారు కోప్పడలేదు. "కూచో తల్లీ" అన్నారు. "అడగాల్సిన మాటే అడిగినావు. ఒంట్లో పైది, కిందిది అని లెక్కలుండవు. కాలికి ముల్లు గుచ్చుకుంటే కంట్లో నీళ్లు రావాల. రాలేదంటే ఆ ఒళ్లు జబ్బు పడినట్లు. మన ఊరికి ఆ జబ్బు శానా కాలంగా ఉండాది. అందుకే అందరికన్నా చివర నిలబడినోడితో మొదలుపెట్టాల అంటాది ఈ సిద్ధాంతం. అంత్యోదయం అని దానికి పేరు."

"చెప్పడం సులభమే సార్."

"అవును తల్లీ. చెప్పడమే సులభం."

అంత తేలిగ్గా ఒప్పుకుంటారని నేను అనుకోలేదు. ఇంటికొచ్చే దారిలో నాయన మొహంలో కోపం కనపడలేదు.

ఆ తర్వాత నేను సారును గమనించడం మొదలుపెట్టాను. పొద్దున్నే బడి వసారాలో పిల్లలకు లెక్కలు, ఆసనాలు నేర్పేవారు. పెద్ద వీధి పిల్లలు, గేరి పిల్లలు ఒకే చాప మీద కూర్చోవాలి. వేరే చాప తెచ్చుకున్న వాళ్లను ఆ చాపతో సహా ఇంటికి పంపేవారు. పదో తరగతిలో మా గేరి అమ్మాయికి మంచి మార్కులొస్తే ఊరంతా మెచ్చుకుంది. సారు మాత్రం ఆ పిల్లను పిలిచి, "పాట వచ్చునా? కడుపునిండా తింటాండావా? దిగులేస్తే ఎవరితో చెప్పుకుంటావు?" అని అడిగారు. ఆ పిల్ల ఏం చెప్పాలో తెలియక ఏడ్చేసింది. ఆ రోజు నుంచి సారు భార్య ఆమెను మధ్యాహ్నాలు ఇంటికి పిలిచి అన్నం పెట్టి కూర్చోబెట్టుకునేది. మార్కుల గురించి తప్ప మనిషి గురించి ఎవరూ అడగని రోజుల్లో ఆ ప్రశ్నలు నాకు కొత్తగా వినిపించాయి.

ఒక సాయంత్రం సారు మా ఇంటికే వచ్చారు. పెద్ద వీధి పెద్దమనిషి గేరిలో మంచం మీద కూర్చోవడం చూడటానికి పిల్లలు గుమ్మం దగ్గర చేరారు. అమ్మ తడబడుతూ స్టీలు గ్లాసులో టీ తెచ్చింది. ఆయన చక్కెర ఇంకొంచెం వెయ్యమని అడిగి మరీ తాగారు.

నాయన అప్పుడు తన మనసులో ఉన్నది అడిగాడు. "సార్, ఒక మాట. ఈ దేశానికి ఒక సంస్కృతి, ఒక ఆత్మ ఉండాది అంటారు మీరు. మా తాత ముత్తాతల నుంచి మేము ప్రభువును నమ్ముకున్నోళ్లం. ఆ ఆత్మలో మా గుడి ఉండాదా, లేదా?"

సారు గ్లాసు కింద పెట్టారు.

"ఉండాదనే నా నమ్మకమప్పా. మీ గుడి రాళ్లు మోసింది ఈ ఊరోళ్లే, ఆడ పాడేది తెలుగులోనే. లేదని ఎవరన్నా అంటే వాళ్లతో కొట్లాడేకి నేను సిద్ధం. కానీ నా సిద్ధాంతం పేరు చెప్పుకుని లేదనేవాళ్లు కూడా ఉండారు. నువ్వు అడిగిన మాటకు సూటిగా జవాబు నేను చదివినదాంట్లో నాకు దొరకలేదు. అబద్ధం చెప్పలేను."

"ఆ మాట చాలు సార్" అన్నాడు నాయన.

నాకు చాలలేదు. ఈ రోజుకీ పూర్తిగా చాలదు. అయినా తను ప్రాణంగా నమ్మినదాంట్లో ఖాళీ ఎక్కడుందో ఎదుటివాడి ఇంట్లో కూర్చుని ఒప్పుకున్న మనిషిని నేను చూడటం అదే మొదటిసారి.

ఆ మరుసటి ఏడాది వానలు మొహం చాటేశాయి. ఎండలు ముదిరేసరికి పంచాయతీ బోర్లు ఎండిపోయాయి. కోడుమూరు నుంచి ట్రాక్టరు ట్యాంకరు వచ్చి పెద్ద వీధిలో ఆగేది. అక్కడ బిందెలన్నీ నిండాక అడుగున మిగిలిన నీళ్లు మాకు. గేరి ఆడవాళ్లు ఎండలో నిలబడి నిలబడి, ఒక్కోసారి తడి కూడా అంటని బిందెలతో తిరిగొచ్చేవాళ్లు. నేను చదువు పూర్తిచేసుకుని ఇంట్లోనే ఉన్నాను కాబట్టి ఆ వరుసలో నేనూ నిలబడ్డాను.

ఊరి చుట్టుపక్కల నీళ్లున్నది సారు వాళ్ల చేనులో బోరు ఒక్కటే. ఆ నీటి మీద సారు, ఆయన తమ్ముడు కలిసి ఉల్లిగడ్డ పెట్టారు. పైరు అప్పటికే గడ్డ ఊరే దశలో ఉంది. సారు ఒకరోజు పంచాయతీ ఆఫీసుకు పోయి, తన బోరు నీళ్లు ఊరికి తీసుకొమ్మని చెప్పారు. సర్పంచి సంబరపడిపోయాడు. పెద్ద వీధిలో ఒక ట్యాంకు కట్టి, గేరికి పైపు తర్వాత వేద్దామన్నాడు. మా గేరికి ఏది రావాలన్నా ఆ 'తర్వాత' దగ్గరే ఆగిపోయేది.

ఆఫీసు ముందర ఊరంతా గుమికూడినప్పుడు సారు తన షరతు చెప్పారు. "ట్యాంకు గేరిలో కట్టాల. ముందు ఆడ నిండి, ఆడి నుంచి ఊళ్లోకి దిగాల."

కొలతలు తీసుకోవడానికి వచ్చిన ఇంజనీరు వెంటనే తలూపాడు. గేరి ఉండేది గుట్ట మీద. అక్కడ కడితే నీళ్లు వాటంతటవే అన్ని వీధులకూ దిగుతాయి. పెద్ద వీధిలో కడితే గేరికి ఎక్కవు. లెక్క అంత సులువు. అయినా గుంపులోంచి ఒక ముసలాయన లేచాడు. సారుకు వరసకు చిన్నాన్న.

"అంటే, గేరి నుంచి దిగొచ్చే నీళ్లు మేము తాగాల్నా?"

నేను ఆడవాళ్ల మధ్య నిలబడి ఉన్నాను. పక్కన అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన నేల చూపులు చూస్తున్నాడు. ఆ మాట మాకు కొత్త కాదు గానీ, అంతమంది ముందు మా ఎదురుగా వినడం వేరు.

"ఏమప్పా, నువ్వే కదా సంప్రదాయం, సంస్కృతి అని మాకు చెప్పేది?" అని ముసలాయన మళ్లీ అడిగాడు. "ఇదేనా నీ సంప్రదాయం?"

సారు మొహం ఎర్రబడింది. ఆయన గొంతు పెంచగా నేను విన్నది ఆ ఒక్కసారే. "చిన్నాయనా, నువ్వు చెప్పేది సంప్రదాయం కాదు, రోగం. తాత ఇచ్చిన ఆస్తి మాదిరి రోగాన్ని కూడా దాచుకుంటామా? ధర్మం అంటే పదిమందినీ నిలబెట్టేది. పదిమందిలో కొందరిని ఎండలో నిలబెట్టేది ధర్మం ఎట్లయితాది? నా బోరు నీళ్లు కావాలంటే ట్యాంకు ఆడనే. వద్దంటే చెప్పండి, గేరి వరకు నేనే పైపు వేసుకుంటా."

ఎవరూ వద్దనలేదు. అందరి ఇళ్లలోనూ కుండలు ఎండిపోయి ఉన్నాయి.

పైపుల కోసం కాలువ తవ్వడానికి గేరి మగవాళ్లంతా దిగారు. నాయన మొదటి గడ్డపార పట్టుకున్నాడు. పెద్ద వీధి కుర్రాళ్లు కూడా కొందరు వచ్చారు. సారు తలగుడ్డ చుట్టుకుని తట్టలు మోయబోతే, వయసు చూసుకోమని నాయన కసిరాడు. నేల రాతిమయం కావడంతో పని మెల్లగా సాగింది. కట్టడం పూర్తయ్యి, పైపులన్నీ కలిపి, మోటారు వేసిన రోజు ట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు విని గేరి పిల్లలు ట్యాంకు చుట్టూ కేకలేస్తూ తిరిగారు. అమ్మ కొళాయి కింద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి అలాగే నెత్తిన రాసుకుంది.

ఊళ్లోకి నీళ్లు వదిలే వాల్వు బాధ్యత నాయనకు అప్పగించారు. పెద్ద వీధిలో కొళాయికి ధార సరిగా వస్తోందో లేదో చూసి రమ్మని నన్ను పంపాడు. పోయి చూస్తే ధార నిండుగానే వస్తోంది, బిందె పెట్టినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. అందరూ అరుగుల మీద కూర్చుని మట్టిలో కలిసిపోతున్న నీళ్లను చూస్తున్నారు. ట్యాంకరు వస్తుందని ఎవరో అన్నారు. ఎవరూ నా వైపు చూడటం లేదు.

అప్పుడు సారు భార్య మిద్దె దిగి వచ్చింది. పైరుకు నీళ్లు ఆపినందుకు ఆమె భర్త మీద మండిపడుతోందని ఊరందరికీ తెలుసు. చంకలో ఇత్తడి బిందె. అరుగుల మీది నుంచి దారికి అడ్డంగా కాళ్లు చాపిన వాళ్లను చూసి, "జరగండి" అంది.

"ఆయన సిద్ధాంతం నాకు తెల్దు. తెలుసుకునే ఓపిక కూడా లేదు. పొయ్యి మీద పప్పు ఉడకాల. నీళ్లు మా చేన్లోవి. వచ్చింది మా ఇంటి ముందరికి. ఇంక ఏందప్పా మీ ఆలోచన?"

బిందె పెట్టి, అది నిండేలోపల దోసిలి పట్టి అక్కడే తాగింది. మొహం కడుక్కుంది. నన్ను చూసి, "ఏమ్మా, ధార బాగుండాదని మీ నాయనకు చెప్పు" అంది. నేను గుట్టెక్కి మా ఇంటికి చేరేలోపలే అక్కడ బిందెల వరుస మొదలైందని తర్వాత తెలిసింది. ఆ ముసలాయన ఇంటి నుంచి మాత్రం ఎవరూ రాలేదట. ట్యాంకరు రావడం ఆగిపోయాక ఆ ఇంటి కోడళ్లు కూడా వచ్చారు.

నీళ్లు మా చేతికొచ్చాక గేరిలో ఇంకో మాట పుట్టింది. మా పెదనాన్న కొడుకు, నాకన్నా కాస్త పెద్దవాడు, ఆదివారం ప్రార్థన ముగిశాక చర్చి బయట నాయన్ను ఆపాడు.

"చిన్నాయనా, ఒక్క రోజు వాల్వు కట్టేసి ఊరికి నీళ్లు ఆపుదాం. వాళ్లకూ తెలియాల కదా."

చుట్టూ నిలబడిన వాళ్లలో చాలామంది తలలూపారు. నా తల కూడా ఊగే ఉంటుంది. ఆ కోపంలో న్యాయం లేదని నేను ఇప్పటికీ అనను.

నాయన బైబిలు సంచి భుజం మీదికి సర్దుకున్నాడు. "ఎండలో బిందె పట్టుకుని నిలబడితే ఎట్లుంటాదో మనకు తెలుసు. తెలిసినోళ్లమే ఇంకొకరిని నిలబెడితే ఇంక ఈ గుడికి వచ్చి ఏం లాభం? నేను కట్టను. నా దగ్గర్నుంచి వాల్వు పని తీసుకుని ఎవరన్నా కడతామంటే, రండి."

ఎవరూ ముందుకు రాలేదు. ఇంటికి పోతుంటే అమ్మ అడిగింది, "ఇది పొద్దున ప్రసంగమా, సాయంత్రం ప్రసంగమా?" నాయన నవ్వాడు. "రెంట్లోనూ ఉండాదిలే."

కానీ సారు చేను ఎండిపోతోంది. బోరు నీళ్లు ఊరికి పోగా పైరుకు మిగలడం లేదు. ఒక సాయంత్రం నాయన, నేను అటు పోయేసరికి ఉల్లి ఆకులు పసుపు తిరిగి వాలిపోయి ఉన్నాయి. గట్టు మీద సారు తమ్ముడు అరుస్తున్నాడు. "ఊరికంతా ఆత్మ ఉండాదన్నావు. నాకు లేదా అన్నా? నా పిల్లలకు లేదా? నన్ను ఒక్క మాటన్నా అడిగినావా?"

సారు పైరులో వంగి, ఒక గడ్డ పెరికి, మట్టి దులిపి చూస్తున్నారు. గోలీ కన్నా కాస్త పెద్దదిగా ఉంది. తమ్ముడు మమ్మల్ని చూసి మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు.

"వాడు అడిగిందాంట్లో తప్పు లేదప్పా" అన్నారు సారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. "వాడిని అడిగుండాల్సింది."

నాయన గట్టు మీద కూర్చున్నాడు. "సార్, పొద్దున ఊరికి నీళ్లియ్యండి. సాయంత్రం మోటారు పైరుకు తిప్పండి. తాగేకి, వండుకునేకి ఒక పూట నీళ్లు చాలు మాకు. గేరిలో నేను మాట్లాడతా."

"వద్దప్పా. మీరు ఇప్పటికే..."

"మీరు ఇచ్చేది, మేము తీసుకునేదేనా సార్ ఎప్పుడూ? ఊరు ఒక ఒళ్లు అన్నది మీరే కదా. మాకూ ఇయ్యాలనుంటాది."

సారు తలెత్తి నాయన వైపు చూశారు. అన్నాళ్లుగా ఆయన చెప్పిన ప్రసంగాలకు అదే మొదటి జవాబని నాకనిపించింది. చర్చిలో మాట్లాడితే కొందరు గొణిగారు, చివరికి ఒప్పుకున్నారు. గేరి ఒప్పుకున్నాక పెద్ద వీధి కాదనలేకపోయింది. అప్పటికే సగం చేను ఎండిపోయింది. మిగిలిన సగం బతికింది. ఆ ఉల్లి కోతకు గేరి ఆడవాళ్లతో పాటు నేనూ పోయాను.

తమ్ముడు మాత్రం శాంతించలేదు. ఆ ఏడే భూమి పంచుకున్నారు, ఇంటి మధ్య గోడ లేచింది. సారు ఆదివారం ప్రసంగాలు కొన్నాళ్లు ఆపేశారు. ఇంట్లోవాడిని వెంటబెట్టుకోలేనివాడు ఊరికేం చెప్తాడని నాయనతో అన్నారట. ఆ మాట విన్న రోజు నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది. తర్వాత వానలు పడ్డాయి. కొన్నేళ్లకు పెద్ద మంచినీటి పథకం పైపులు ఊరికొచ్చాయి. వాటిని కలిపింది కూడా గుట్ట మీది ట్యాంకుకే.

ఇప్పుడు నేను కర్నూలులో ఒక డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతున్నాను, కల్లూరులో ఇల్లు కట్టుకున్నాం. మా సిలబస్‌లో ఏకాత్మ మానవవాదం ఒక పాఠం. దాన్ని పొగిడే పిల్లలూ ఉంటారు, తిట్టే పిల్లలూ ఉంటారు. ఇద్దరికీ నేను సారు కథ చెబుతాను. సిద్ధాంతం మీద నా అభ్యంతరాలు కూడా దాచను. ఒక ఆలోచన మంచిదా కాదా అన్నది దాన్ని పట్టుకున్న చేతిని బట్టి కూడా ఉంటుందని, ఆ చెయ్యి తనకు నష్టం వచ్చినప్పుడు ఏం చేసిందో చూడమని చెబుతాను. నేను చూసిన చెయ్యి మంచిది.

భార్య పోయాక సారు కడపలో కూతురి దగ్గర ఉంటున్నారు. మొన్న సెలవుల్లో చూడటానికి పోయాను. బాగా చిక్కిపోయారు, చూపు తగ్గింది, వాదించే ఓపిక మాత్రం తగ్గలేదు. వీధిలో ఇళ్లలో పని చేసుకునే ఆడవాళ్ల పిల్లల్ని సాయంత్రాలు వరండాలో కూర్చోబెట్టుకుని చదివిస్తున్నారు. నా పాఠం ఎట్లా చెబుతానో అడిగి, రెండు చోట్ల అడ్డుపడి, ఒకచోట నాదే సరి అని ఒప్పుకున్నారు.

మేము మాట్లాడుతుండగానే లోపలి గదిలోంచి ఒక పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. సారు తమ్ముడు. నన్ను గుర్తుపట్టి, "గేరి సంఘపెద్ద కూతురు కదా" అన్నాడు. అన్న కళ్లు చూపించడానికి ఊరి నుంచి వచ్చాడట. ఎప్పటి నుంచి మాటలు కలిశాయో నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. నేను చెప్పులేసుకుంటుంటే, ఆసుపత్రికి ఆటోలో పోవాలా, బస్సులో పోవాలా అని అన్నదమ్ములిద్దరూ గట్టిగా వాదించుకుంటున్నారు.